చమురు వంతు

తూరిన్, 5 మార్చి 1967

అన్నయ్యా,

నువ్వు పంపిన పందిమాంసం సలామీ అందింది. బాగుంది. బాగున్నంత మాత్రాన నీ మీద కోపం తగ్గుతుందనుకోకు. సగం మా పత్రికాఫీసులో పంచాను. మిగతా సగం తింటూ ఈ ఉత్తరం రాస్తున్నాను, జిడ్డు మరకలుంటే తిట్టకు.

తింటూ తింటూ మావాళ్ళు అడిగారు, "మీ అన్న మోదెనాలో ఏం చేస్తాడు?" అని. చెప్పాను. పందెం కారు ఇంజన్లో మెలికలు తిరిగిన ఇనప ఇరుసు ఒకటుంటుంది, దాన్ని క్రాంక్‌షాఫ్ట్ అంటారు, అది పిచ్చి వేగంతో తిరుగుతుంది, ఏ పక్కనైనా గోరంత బరువు ఎక్కువైతే ఇంజన్ వణికి వణికి పగులుతుంది, ఆ గోరంత ఎక్కడుందో పట్టుకుని తొలిచెయ్యడమే మా అన్న బతుకు అని. "అంటే డబ్బున్నవాళ్ళు సుఖంగా చావడానికి ఏర్పాట్లు చేస్తాడన్నమాట!" అంది మా టైపిస్టు. నేను కాదనలేదు. పదేళ్ళుగా నీకు నేను చెబుతున్నది అదేగా.

కాని ఇవాళ్టి తగువు అది కాదు. దిర్చే సంగతి. నీ కూతురు చదువు ముగిసిన మర్నాడే నీ కొట్లోకి వచ్చింది. త్రాసు ముందు కూర్చునేది అది. యంత్రం తిప్పేది అది. డ్రిల్లు పట్టేది కూడా చాలాసార్లు అదే. పని పూర్తయ్యాక, తూకం వేసినవాళ్ళ పేరులోని మొదటి అక్షరాన్ని క్రాంక్ చెంప మీద సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి ముద్రించడం మీ వీధి ఆచారం. ఆ కొట్టు నుంచి బయటికొచ్చే ప్రతి క్రాంక్ మీదా నీ అక్షరమే! చెయ్యి దానిది, అక్షరం నీది. ఇక్కడ ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ ఈ పని చేస్తే సమ్మె కడతాం. నువ్వు చేస్తే ఏం చెయ్యమంటావు, సలామీ బాగుందని చెప్పి ఊరుకోమంటావా?

యుద్ధంలో నువ్వు బాగుచేసిన తుపాకుల్ని బంగాళాదుంపల బుట్టలో దాచి కొండల్లోని మనవాళ్ళకి సైకిల్ మీద మోసింది నేను. అప్పుడు ఆడదాని చేతులు పనికొచ్చాయి. ఇప్పుడు ఆడదాని అక్షరం పనికి రాదా?

జవాబు రాయి. వాతావరణం గురించి కాదు, దిర్చే గురించి.

కోపంగా ఉన్నా చెల్లెలినే అయిన
అర్జియా


మోదెనా, 12 మార్చి

విప్లవ నాయకురాలు అర్జియా గారి సముఖానికి, ఇనుము తొలిచే అన్న ఎర్మెస్ రాసుకునే మనవి:

ఇక్కడ పొగమంచు విడిచింది. పొద్దున్నే వీధి చివరిదాకా కనిపిస్తోంది. వాతావరణం వద్దన్నావు కాబట్టే రాశాను.

మీ టైపిస్టుకి మా పని సగమే చెప్పావు. తక్కిన సగం చెప్పు. ఇంజన్లో ఆరు పిస్టన్లుంటే ఆరూ ఒకే బరువుండాలి. ఎలా చేస్తాం? అన్నింటిలోకీ తేలికైనది ఏదో చూసి, తక్కినవాటిని అరగదీసి దాని బరువుకి తెస్తాం. బలిసినవాళ్ళ దగ్గర కొయ్యడం, అంతే. నువ్వు ఇన్నేళ్ళు సభల్లో గొంతు చించుకుని తేలేని సమానత్వాన్ని నేను రోజూ భోజనం వేళకి ముందే తెచ్చేస్తున్నాను.

దిర్చే మంచి పనిమంతురాలు. నా కంటే ఓపిక ఎక్కువ. నేను దాని మొహం మీద చెప్పలేదు గాని నీకు చెబుతున్నాను. ముద్ర సంగతి అంటావా, కొట్టు నాది, సుత్తి నాది. దాని అక్షరం ఆ ఇనుము మీద పడకూడదు. ఎందుకని అడక్కు. చెబితే నువ్వు పత్రికలో వేస్తావు.

మీ వదిన నోర్మా నిన్ను అడిగానని రాయమంది. నువ్వు పాస్తా ఉడికించుకుంటున్నావా, సిగరెట్లతోనే కడుపు నింపుకుంటున్నావా అని కూడా.

తేలికైన పిస్టన్‌కి ముద్దులతో
ఎర్మెస్


తూరిన్, 21 మార్చి

అన్నయ్యా,

అడక్కు అన్నావు, అడగలేదు. పత్రికలో వేస్తావన్నావు, వేశాను. నీ మాట ఇంతకంటే ఎవరు వింటారు?

ముక్క కత్తిరించి దీంతో పెట్టాను. 'అక్షరం ఎవరిది?' అని పేరు పెట్టాం. నీ పేరు రాయలేదు, ఇంటిపేరు రాయలేదు, 'మోదెనాలో ఒక తూకం కొట్టు' అన్నాను అంతే. యజమాని అనే జంతువు సూటు వేసుకునే తిరుగుతుందని మా కార్మికులు అనుకుంటారు. నూనె మరకల చొక్కాలో కూడా తిరుగుతుందని, భోజనాల బల్ల దగ్గర తండ్రి కుర్చీలోనే కూర్చుంటుందని వాళ్ళకి ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పాను.

నీ పిస్టన్ల సమానత్వం గురించి కూడా ఒక మాట. తక్కువున్నవాడి దగ్గరికి అందర్నీ అరగదీయడం సమానత్వం కాదు, జీతాల కోత. ఇక్కడి కార్ల ఫ్యాక్టరీలో చేసేది అక్షరాలా అదే. ఆడవాళ్ళకి ఎంత తక్కువిస్తున్నారో చూసి మగవాళ్ళని అక్కడికి దించాలని చూస్తారు. తేలికైనదానికి లోహం కలిపే ఉపాయం కనిపెట్టిన రోజున వచ్చి నాకు పాఠం చెప్పు.

పాస్తా ఉడికించుకుంటున్నానని వదినకి చెప్పు. అబద్ధమే, అయినా చెప్పు.

అర్జియా


మోదెనా, 2 ఏప్రిల్

అర్జియా,

ముద్దులూ లేవు, మనవీ లేదు. కూర్చుని చదువు.

పేరు రాయలేదట! మా పేటలో తూకం కొట్టు ఒక్కటే ఉంది తల్లీ. నీ వ్యాసాన్ని బార్‌లో కాఫీ మిషన్ పక్కన గోడకి అంటించారు. సహకార దుకాణంలో మాంసం కోసే ఆవిడ నా పొట్లం కడుతూ, "ఏం ఎర్మెస్, కోసింది నేను, ముద్ర నువ్వు కొట్టుకుంటావా?" అంది. వరసలో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చెయ్యను?

వకీలు మలగోలి వచ్చాడు. గుర్తుందిగా, ఆదివారాలు పందేలు, తక్కిన రోజులు పొలం గట్ల తగాదాలు. ఇమొలా పందానికి అతని ఆరు సిలిండర్ల ఇంజన్ నా దగ్గరే ఉంది. "ఇదిగో ఎర్మెస్, నాకు పత్రికలతో పనిలేదు. నా ఇంజన్ మీద ఎవరి చెయ్యి పడుతోంది?" అన్నాడు. దిర్చే అక్కడే త్రాసు దగ్గరుంది. నాది అని అబద్ధమాడలేను. దానిది అని నిజమూ చెప్పలేకపోయాను. దగ్గాను.

అచ్చెయ్యకుండా విను. వీధికి అవతల ఇవో అని ఒకడుండేవాడు, బంగారం లాంటి పనివాడు. వాడు తూచిన ఇంజన్ ఒకటి పందెంలో పగిలింది. తప్పు వాడిది కాదు, ఎవరో బోల్టు సరిగ్గా బిగించలేదు. కాని ఇంజన్ విప్పితే లోపల కనిపించిన అక్షరం వాడిది. ఆ తరవాత వాడికి ఒక్కరూ పనివ్వలేదు. ఇప్పుడు కార్పిలో స్వెటర్లు అల్లే మిషన్లు బాగుచేస్తున్నాడు. ముద్ర బిరుదనుకుంటున్నావు నువ్వు. చెడితే ఎవరి మెడ పట్టుకోవాలో చూపించే వేలు అది. ఆ వేలు నా వైపు చూపిస్తే ముసలాణ్ణి, తట్టుకుంటాను. దాని వైపు చూపిస్తే? ఆడపిల్ల అని ఇప్పటికే కాచుకుని కూర్చున్నారు.

ఇప్పుడు ఇంట్లో ఏమవుతోందో విను. "నా మీద మీ అత్తకి చాడీలు రాశావా?" అని దిర్చేని అడిగాను. అది త్రాసు మీద గుడ్డ కప్పింది. చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయింది. అప్పట్నుంచి మాటల్లేవు. "అమ్మా, ఆయన్ని ఉప్పు ఇటివ్వమను." "నోర్మా, ఉప్పు దాని మోచెయ్యి పక్కనే ఉందని చెప్పు." ఇదీ మా సంసారం. నీ పత్రిక ప్రసాదం.

ఎర్మెస్


తూరిన్, 9 ఏప్రిల్

అన్నయ్యా,

ఒక్క సంగతి ముందు చెప్పాలి, లేకపోతే నిద్ర పట్టదు. దిర్చే నాకు ఒక్క ముక్క రాయలేదు. రాసింది వదిన. తప్పులన్నీ దిద్దుకుంటూ రెండు పేజీలు రాసింది, చివర 'నేను రాశానని చెప్పకు' అంది. చెప్పేశాను. ఇప్పుడు వదినతో కూడా మాటలు మానెయ్యకు, ఉప్పు అందించడానికి మనిషి మిగలదు. వెళ్ళి ఆ పిల్లని క్షమాపణ అడుగు.

ఇవో సంగతి రెండుసార్లు చదివాను. నువ్వు దొంగవనుకున్నాను, గొడుగువట. సరే, ఒప్పుకున్నాను. పత్రికలో రాసింది సగం తప్పు. కాని మిగతా సగం ఒప్పు, దాన్ని నేను వదలను. నింద దాని దాకా రానివ్వనంటే పేరు కూడా దాని దాకా రానివ్వనట్టే. రెండూ ఒకే తలుపులోంచి వస్తాయి. ప్రతి యజమానీ, ప్రతి మొగుడూ, ప్రతి మతగురువూ ఆడదానికి చెప్పేది ఇదే: నీకెందుకమ్మా బాధ్యత, మేం మోస్తాంగా! మోస్తున్నది బాధ్యత ఒక్కటేనా? కింద చూసుకో, జీతమూ గౌరవమూ కూడా మీ బుట్టలోనే ఉన్నాయి.

ముఖ్యంగా, దాన్ని అడిగావా? నేనూ అడగలేదులే. మనిద్దరం దాని గురించి పేజీలు పేజీలు కొట్టుకుంటున్నాం.

అర్జియా


మోదెనా, 7 మే

అర్జియా,

నీ ఉత్తరం రావడం ఆలస్యమైంది. నేను క్షమాపణ అడగడం ఇంకా ఆలస్యమైంది. దాన్ని ఎలా అడగాలో సాధన చేస్తూ ఉండగా కొంప మునిగింది.

కొంచెం ఇనుము చెబుతాను, ఓపిక పట్టు. తూకం యంత్రం మీద ఒట్టి క్రాంక్‌నే తిప్పగలం, పిస్టన్లతో కలిపి తిప్పలేం. అందుకని వాటి బదులు క్రాంక్‌కి ఉంగరాల్లాంటి బరువులు బిగిస్తాం. ఆ ఉంగరాలు తూచేటప్పుడు ఇంజన్ నడిచే వేళ లోపల అంటుకుని తిరిగే చమురు వంతు కూడా కాస్త కలపాలి. చమురూ బరువేగా. అది ఎవరు కలిపారో మరిచిపోకుండా మా ఇద్దరికీ ఒక పద్ధతుంది. "చమురు?" అని ఒకరు కేక వేస్తారు, "అయింది!" అని రెండోవాళ్ళు కేక వేస్తారు. కొట్టు ఆ చివర్నుంచి ఈ చివరికి. వీధిలో పిల్లలు మమ్మల్ని వెక్కిరిస్తూ అలాగే అరుస్తారు.

మాటల్లేవుగా. కేకా లేదు.

పొద్దున నేను కలిపాను. మధ్యాహ్నం అదీ కలిపింది. పైగా ముద్ర అది కొడుతుందేమో చూద్దామని నేను కొట్టలేదు, నేను కొడతాననుకుని అది కొట్టలేదు. మలగోలి ఇంజన్ రెండింతల చమురు లెక్కతో, ఒక్క అక్షరం లేకుండా బయటికి పోయింది.

అభ్యాసంలో నడిపి చూసి మర్నాడే కోపంతో ఊగిపోతూ వచ్చాడు. "పైవేగంలో అద్దం వణికి చస్తోంది ఎర్మెస్! వెనక వచ్చేది కారో, గేదో తెలియడం లేదు! విప్పి చూస్తే లోపల ముద్ర కూడా లేదు. ఎవరు చేశారిది?"

"నేను" అన్నాను.

"నేను" అంది దిర్చే.

"నేనని చెబుతున్నానుగా!" అన్నాను.

"అమ్మా, తప్పు నాదని ఆయనకి చెప్పు!" అంది. అమ్మ అక్కడ లేదు, అలవాటైపోయింది. వకీలు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "నేను కోర్టుల్లో ముప్ఫై ఏళ్ళుగా ఉన్నాను. నేరం నాదంటే నాదని కొట్టుకునేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాను" అన్నాడు.

నవ్వుకో. నాకు మాత్రం నవ్వు రాలేదు. అప్పుడు దిర్చే నా వైపు తిరిగింది. అన్ని రోజుల తరవాత అది నాతో నేరుగా అన్న మొదటి మాటలు: "నాన్నా, ఇంజన్ మళ్ళీ మొదట్నుంచీ నేనొక్కదాన్నే చేస్తాను. నువ్వు కొట్లో ఉండకూడదు. అక్షరం నాదే కొడతాను. పగిలితే నన్నే తిట్టనీ. వద్దంటావా, సస్సువోలో ఊళ్ళో పెంకుల ఫ్యాక్టరీలో మనుషుల్ని తీసుకుంటున్నారు, సోమవారం పోతాను." 'పోతానేమో' అనలేదు. 'పోతాను' అంది. నీ గొంతు వినిపించింది నాకు.

వకీలు శనివారం దాకా గడువిచ్చాడు. ఆ తరవాత ఇంజన్ వేరే కొట్టుకే. పందెంలో వణికిందా, మా కొట్టు పేరూ దాని పేరూ ఒకేసారి పోతాయి. అన్నీ తెలిసినదానివిగా, చెప్పు, ఏం చెయ్యను?

ఎర్మెస్


తూరిన్, 9 మే

అన్నయ్యా,

తాళంచెవి దానికిచ్చి బయటికి నడువు.

ఇలా ధైర్యంగా రాస్తున్నాను గాని నాకూ భయంగానే ఉంది. మీ మాటలు ఆగింది నా వ్యాసం వల్లేగా, ఆ ఎక్కువైన చమురులో సగం నేను పోసిందే. అయినా నడువు.

అర్జియా


మోదెనా, 6 జూన్

చెల్లీ,

నడిచాను. ఎంత దూరం? ఎదురుగా ఉన్న బార్ దాకా. అక్కడ కూర్చుని నాలుగు రోజులు పేకాడి ఓడిపోయాను. చేతిలో ముక్కలు చూడటం లేదు, మా కొట్టు వైపు చూస్తున్నాను. తలుపు మూసినా తూకం యంత్రం చప్పుడు వీధిలోకి వస్తుంది. బెల్టు పట్టీ అందుకోవడం, చప్పుడు పైకెక్కడం, నిలకడగా పాడటం, దిగిపోవడం. "అదిగో, ఆపింది. తొలుస్తోంది" అంటాను. "నోరుమూసుకుని ముక్క వెయ్యవయ్యా" అంటారు తోటివాళ్ళు.

మూడో రోజు అది గుమ్మంలోకి వచ్చి వీధి అవతలికి కేక వేసింది. "నాన్నా! చమురు అయింది! ఒక్కసారే!" బార్‌లో అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఏడవలేదు, ఎండ కళ్ళలో పడింది.

చివరి రోజు లోపలికి పిలిచింది. "చూడు. చెయ్యి మాత్రం పెట్టకు." చేతులు వెనక్కి కట్టుకుని చూశాను. దీపం వెలుగులో క్రాంక్ తిరుగుతోందా, ఆగిందా అన్నట్టుంది. నేనైతే ఒకచోట ఇంకో చిన్న గాటు పెట్టేవాణ్ణి. అనబోయాను. నా వైపు చూసింది. అనలేదు. తరవాత అచ్చు పెట్టి ఒక్క దెబ్బ కొట్టింది. సరిగ్గా పడలేదు, అక్షరం కొంచెం ఒరిగింది. "ఫర్వాలేదులే, ఒరిగినా నాదే" అంది.

ఇక పందెం. ఇమొలాకి నోర్మా, నేను, దిర్చే గడ్డివామంత రొట్టెల సంచీతో వెళ్ళాం. మలగోలి కారు తిన్నని దారిలో పోతుంటే నేను చెవి పెట్టి విన్నాను. అర్జియా, నువ్వు డబ్బున్నవాళ్ళ చావంటావు, అను. ఆ చప్పుడు మాత్రం గుడ్డ చించినంత శుభ్రంగా ఉంది. ఒక్క పీచు మిగల్లేదు. చాలాసేపు మూడో స్థానంలో ఉన్నాడు. తరవాత మలుపులో తిరగకుండా తిన్నగా పోయి, దారి పక్కన అడ్డుగా పేర్చిన గడ్డిమోపుల్లో దూరాడు. మేం గుండెలు పట్టుకుని పరిగెత్తాం. చెవుల్లో గడ్డితో లేచి నిలబడ్డాడు. "ఇంజన్ అద్భుతం! అద్దం కదిలితే ఒట్టు! వెనకవాడి మీసం కూడా కనిపించింది. అదే చూస్తూ ఉండిపోయాను" అన్నాడు. దిర్చే నేల మీద కూర్చుని నవ్వింది. నేను దాన్ని అలా చూసి ఎన్నాళ్ళయింది!

క్షమాపణ కూడా అడిగాను. తిరిగి వచ్చే రైల్లో. "ఏమిటి, వినపడలేదు" అంది. రెండుసార్లు అడిగించుకుంది.

ఎర్మెస్


తూరిన్, 12 జూన్

అన్నయ్యా,

నీ ఉత్తరం ఆఫీసులో పైకి చదివాను. టైపిస్టు కూడా నవ్వింది, పందెం కార్లని అసహ్యించుకుంటూనే.

పత్రికలో దిద్దుబాటు రాస్తానని దిర్చేకి కార్డు వేశాను. జవాబుగా ఒక్క వాక్యం వచ్చింది: "అత్తా, నువ్వు నన్ను గురించి రాయకు, నన్ను చూడటానికి రా." ఇరవై ఏళ్ళ వ్యాసరచనలో ఇంత చక్కగా నా నోరు మూయించినవాళ్ళు లేరు. ఆగస్టులో వస్తాను.

కాని అన్నయ్యా, పండగ చేసుకోవడానికి తొందరపడకు. మలగోలి ఒక్కడే, పైగా గడ్డిలో దూరేవాడు. నీ మీద ప్రేమతోనో, నవ్వులాట కోసమో ఒప్పుకున్నాడు. గెలుపంటే ఒకడు ఒప్పుకోవడం కాదు. నువ్వు గుమ్మంలో నిలబడి ఉండగా, నీకు ముప్ఫై ఏళ్ళుగా తెలిసిన మగవాళ్ళు నిన్ను దాటి ఆ పిల్ల దగ్గరికి వెళతారా? వెళ్ళిన రోజున రాయి. అప్పటిదాకా నా పోరు ఆపను, ముందే చెబుతున్నాను.

అర్జియా


మోదెనా, 4 జూలై

అర్జియా,

ఎండలు మండిపోతున్నాయి. నోర్మా పచ్చి అక్రోటుకాయలు కోసి సీసాల్లో సారాలో నానేసింది, నువ్వొచ్చేసరికి రంగు తిరుగుతుంది. ఆ కాయల రసానికి ఇంట్లో అందరి వేళ్ళూ నల్లగా ఉన్నాయి.

ఇవాళ పొద్దున రెజ్జో నుంచి ఒక మెకానిక్ వచ్చాడు. పెద్దవాడు, నా ఈడువాడే, పందేల్లో పేరున్నవాడు. నేనెరుగుదును, నాతో ఎప్పుడూ పని చేయించుకోలేదు, ఎక్కడో మిలాన్ దాకా పంపిస్తాడు. దుప్పట్లో చుట్టిన క్రాంక్‌ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని గుమ్మంలో నిలబడి టోపీ తీశాడు.

"అమ్మాయిగారున్నారా?"

"సహకార బ్యాంకుకెళ్ళింది. నేనున్నానుగా" అన్నాను. చేతులు కూడా తుడుచుకున్నాను.

నన్ను చూశాడు. గోడ మీది నా పేరు చూశాడు. చాలా మర్యాదగా, నొప్పించకుండా, "ఫర్వాలేదండీ, కూర్చుంటాను" అన్నాడు.

బెంచీ మీద కూర్చున్నాడు. ఒళ్ళోంచి క్రాంక్ దించలేదు. గంట దాటింది, అలాగే ఉన్నాడు.

నేను వెళ్ళి అతనికి కాఫీ తెచ్చాను.

ఎర్మెస్